సింగరేణి బొగ్గు, కోస్తా క్రూడు: ఆరోమాటిక్స్ చూసి చుట్టరికం చెప్పొచ్చా?

వేయిస్తంభాల_పిల్ల | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. హన్మకొండలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జియాలజీ నాకు రాదు, ముందే చెప్పేస్తున్నా. ప్రాజెక్టులో ఒక చోట ఇరుక్కుపోయి అడుగుతున్నాను.

మా సార్ దగ్గర ఒక చిన్న గాజు వయల్‌లో క్రూడాయిల్ ఉంది. ఎవరో స్నేహితుడు ఎప్పుడో ఇచ్చాడట. లేబుల్ మీద "కేజీ, సముద్రం వైపు" అని తప్ప ఇంకేమీ లేదు (కేజీ అంటే కృష్ణా-గోదావరి బేసిన్). దీనికి తోడు భూపాలపల్లి దగ్గర ఒక ఓపెన్‌కాస్ట్ నుంచి, బొగ్గు పొరల మధ్య వచ్చే నల్లటి షేల్ (బురద గట్టిపడిన రాయి) ముక్కలు తెచ్చుకున్నాం. రెండింట్లోంచీ ఆరోమాటిక్ భాగం (బెంజీన్ లాంటి ఉంగరాలున్న అణువులు) విడదీసి, అణువుల్ని వేరు చేసి బరువు చూసే మెషీన్ జీసీ-ఎంఎస్‌లో పెట్టి పోల్చడమే పని.

రెండింట్లోనూ రెటీన్ బాగా వచ్చింది. రెండింట్లోనూ ఫెనాంత్రీన్‌తో పోలిస్తే గంధకం ఉన్న డైబెంజోథయోఫీన్ ఎంతో లేదు. ఎం/జెడ్ (అణువు ముక్క బరువు) 192 దగ్గర మిథైల్‌ఫెనాంత్రీన్ల నాలుగు పీకులు రెండు జంటలుగా నిలబడ్డాయి. దూరం నుంచి చూస్తే రెండు బొమ్మలూ అక్కాచెల్లెళ్ళే. ఆ పీకుల నుంచి ఎంత ముదిరిందో చెప్పే ఎంపీఐ-1 లెక్క కడితే క్రూడుకు 0.875, షేల్‌కు 0.38 వచ్చాయి.

ఉత్సాహం ఆగక "కోస్తా క్రూడుకు తల్లి మన సింగరేణి బొగ్గే" అని డ్రాఫ్టులో రాసేశాను. సార్ చదివి నవ్వారు. ఏమీ అనలేదు, కాగితం వెనక్కిచ్చేశారు. ఆ నవ్వుకు అర్థం ఏమిటో తెలియక రెండు రోజులుగా టెన్షన్. తప్పెక్కడుంది?

కాజీపేట_తాత | సోమవారం, రాత్రి 11:05

అమ్మా, పడుకునే వేళకు మంచి ప్రశ్న వేశావు. గోదావరి జిల్లాల్లో రిగ్గుల మీద ఇరవై ఏళ్ళకు పైగా జియాలజిస్టుగా పని చేసి వచ్చినవాణ్ణి. మీ సార్ నవ్వు నాకు అర్థమైంది కానీ ఇప్పుడే చెప్పను.

ముందు ఇవి చెప్పు. షేల్‌ని దేంతో, ఎన్ని గంటలు కడిగావు? క్రూడులో ఆస్ఫాల్టీన్లు (బరువైన తారులాంటి భాగం) తీసేశావా? ఆఖర్న నైట్రోజన్ ఊది ఎంతవరకు ఆరబెట్టావు? ఎం/జెడ్ 149 దగ్గర ఏమైనా పెద్ద పీకు వచ్చిందా? సగం తప్పులు రాయిలో ఉండవు, మన బెంచీ మీదే ఉంటాయి.

వేయిస్తంభాల_పిల్ల | మంగళవారం, ఉదయం 7:48

నమస్తే సార్. వివరంగా చెప్తాను.

షేల్ పై తొక్క చెక్కేసి, కడిగి ఆరబెట్టి, మెత్తగా నూరి జల్లెడ పట్టాను. సాక్స్‌లెట్‌లో డైక్లోరోమీథేన్‌తో 48 గంటలు. గంధకం పట్టుకోవడానికి ఫ్లాస్కులో రాగి ముక్కలు వేస్తే సాయంత్రానికే బొగ్గులా నల్లబడ్డాయి, తీసి కొత్తవి వేశాం. క్రూడులో హెక్సేన్ 40 రెట్లు పోసి రాత్రంతా ఉంచి, తెల్లారి అడుగున దిగిన ఆస్ఫాల్టీన్లు వడకట్టాం.

తర్వాత సిలికా జెల్ కాలమ్. ముందు హెక్సేన్ పోస్తే శాచురేట్లు (ఆరోమాటిక్ ఉంగరాలు లేని హైడ్రోకార్బన్లు) నీళ్ళలా రంగు లేకుండా దిగాయి. తర్వాత హెక్సేన్, డైక్లోరోమీథేన్ కలిపి పోస్తే లేత పసుపు పట్టీ ఒకటి మెల్లగా జారుతూ వచ్చింది. యూవీ లైటు వేస్తే ఆ పట్టీ నీలంగా మెరుస్తుంది, అది చూడ్డానికే పక్క ల్యాబ్ వాళ్ళు వచ్చారు. ఆఖర్న మెథనాల్ పోస్తే బెల్లం పాకం రంగులో రెజిన్లు.

ఇక నా ఘనకార్యం. మొదటిసారి నైట్రోజన్ ఆన్‌లో పెట్టి టీకి వెళ్ళాను. వచ్చేసరికి వయల్ పొడిగా ఉంది. రన్ చేస్తే నాఫ్తలీన్లు ఒక్కటీ లేవు, అన్నీ గాల్లో కలిసిపోయాయి. రెండోసారి పక్కనే కూర్చుని ఆరబెట్టాను. పై అంకెలు ఆ రెండో రన్‌వే. 149 దగ్గర షేల్‌లో చాలా పెద్ద పీకు ఉంది సార్. అది కూడా ఏదైనా బయోమార్కరా (ఏ జీవి నుంచి వచ్చిందో చెప్పే అణువు)?

కాజీపేట_తాత | మంగళవారం, ఉదయం 8:20

అది బయోమార్కర్ కాదు తల్లీ, ప్లాస్టిక్ కవరు. ప్లాస్టిక్‌లో కలిపే థాలేట్లు. గని నుంచి రాళ్ళు పాలిథీన్ కవర్లో తెచ్చారు కదూ? ఇకనుంచి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, తర్వాత గుడ్డసంచీలో వెయ్యి. క్రూడు వయల్ మూత లోపల రబ్బరు ఉందో ఏముందో అది కూడా చూడు.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

చెల్లె, పెద్దసారూ, మాకు కూడా అర్థమయ్యేటట్టు చెప్పండి. బొగ్గు తవ్వే మనిషిని, ఈ పీకులు నాకు తెలియవు. కానీ మా బొగ్గుకి కోస్తా ఆయిల్‌తో చుట్టరికం అంటే మస్తు సంతోషం. 2024 జనవరిలో కేజీ లోతు సముద్రంలోంచి ఓఎన్జీసీ కొత్తగా ఆయిల్ తీయడం మొదలుపెట్టిందని టీవీలో చూసిన. అది మా గోదావరిఖని బొగ్గు కరిగి పోయిన నూనె అయితే రాయల్టీ అడగొద్దా?

ఇంకోటి. ఆయిల్ ఒక చోట పుట్టి ఇంకో చోట దొరుకుతదంటారు. ఎక్కడ పుట్టిందో ఒక చుక్క చూసి ఎట్ల చెప్తరు?

కాజీపేట_తాత | మంగళవారం, రాత్రి 9:40

తమ్ముడూ, రాయల్టీ సంగతి ఆఖర్న చూద్దాం. చుక్క చూసి ఎట్లా చెప్తారో చెప్తాను, కొంచెం పొడవవుతుంది.

చెరువడుగునో సముద్రం అడుగునో బురదలో నాచు, ఆకులు, సూక్ష్మజీవులు పూడిపోతాయి. ఆ బురద గట్టిపడి రాయవుతుంది, లోపలికి దిగేకొద్దీ వేడెక్కుతుంది. తగినంత ఉడికినప్పుడు అందులోంచి నూనె వస్తుంది. అదే సోర్స్ రాక్. నూనె అక్కడ ఉండదు, పైకి పాకి ఏ ఇసుకరాయిలోనో ఇరుక్కుంటుంది. బోరు వేసి తీసేది ఆ ఇసుకరాయి నుంచే. తల్లి ఒక చోట, పిల్ల ఒక చోట.

పిల్లలో తల్లి పోలికలు వెతకడమే మన పని. 1930లలో ట్రైబ్స్ అనే జర్మన్ కెమిస్టు క్రూడులో పోర్ఫిరిన్లు పట్టుకుని, ఇవి ఆకుల పచ్చదనం నుంచి, అంటే క్లోరోఫిల్ నుంచి వచ్చాయని చూపించాడు. అప్పటి నుంచీ ఇదే దారి. జీవిలో ఉన్న అణువు అస్థిపంజరం నూనెలో కూడా మిగిలితే, దాన్ని పట్టుకుని వెనక్కి నడవాలి.

మామూలుగా అందరూ శాచురేట్లు చూస్తారు, అంటే బాక్టీరియా నుంచి వచ్చే హోపేన్లు, నాచు, మొక్కల నుంచి వచ్చే స్టెరేన్లు. మరి ఆరోమాటిక్స్ ఎందుకు? ఒకటి, బాక్టీరియా. నూనె లోతు తక్కువున్న చోట చేరితే బాక్టీరియా తినడం మొదలుపెడుతుంది. ముందు తినేది పొడవాటి గొలుసుల్లాంటి ఆల్కేన్లనే. పెళ్ళిభోజనంలో జిలేబీ ముందు అయిపోయినట్టు. ఉంగరాలు కట్టుకుని ఉన్న ఆరోమాటిక్స్ జోలికి అంత తొందరగా పోదు. ట్రైఆరోమాటిక్ స్టెరాయిడ్లు (మూడు ఆరోమాటిక్ ఉంగరాలున్న స్టెరాయిడ్లు) అయితే ఆఖరి దాకా మొండిగా నిలబడతాయి. రెండోది, నూనె ఎంత ముదిరిందో ఇవి చెప్తాయి. ఈ అమ్మాయి చెప్పిన నాలుగు పీకులు అందుకే.

ఫెనాంత్రీన్ అంటే మూడు ఉంగరాలు. దాని మీద ఒక మిథైల్ ఎక్కుతుంది. 1, 9 స్థానాల్లో ఎక్కితే పక్కనున్న హైడ్రోజన్‌తో మోచేతులు తగులుతాయి. 2, 3 స్థానాల్లో కాస్త ఊపిరాడుతుంది. మన కాజీపేటలో ప్యాసింజరు ఎక్కినవాడు మొదట ఎక్కడ దొరికితే అక్కడ నిలబడతాడు, బండి కదిలి గంట గడిచేసరికి ఎట్లాగో కిటికీ పక్కకు చేరతాడు. వేడి కూడా అంతే. కొత్తలో 1, 9 ఎక్కువ, ముదిరేకొద్దీ 2, 3 ఎక్కువ. ఆ నిష్పత్తే ఎంపీఐ-1. 1980ల మొదట్లో రాడ్కే, వెల్టే కట్టిన లెక్క (ఎంపీ అంటే మిథైల్‌ఫెనాంత్రీన్): 2-ఎంపీ, 3-ఎంపీ కలిపి, ఒకటిన్నరతో గుణించి, ఫెనాంత్రీన్, 1-ఎంపీ, 9-ఎంపీల మొత్తంతో భాగించాలి.

గంధకం సంగతి వేరే కథ. సున్నపురాయి జాతి బురదలో ఇనుము తక్కువ. గంధకానికి పట్టుకోవడానికి ఇనుము దొరక్కపోతే పోయి సేంద్రియ పదార్థంలో దూరుతుంది, డైబెంజోథయోఫీన్ పెరుగుతుంది. నది తెచ్చిన బంకమట్టిలో ఇనుము బోలెడు. గంధకం దాన్ని పట్టుకుని పైరైట్ అయి కూర్చుంటుంది. మీ బొగ్గులో మిలమిలలాడే బంగారం రంగు గింజలు చూస్తుంటావు కదా తమ్ముడూ, అదే. అందుకే నది, డెల్టా, బొగ్గు జాతి నూనెల్లో డైబెంజోథయోఫీన్ తక్కువ.

రెటీన్ ముఖ్యంగా దేవదారు, పైన్ లాంటి చెట్ల బంక నుంచి వస్తుంది. ఉందంటే నేల మీద చెట్ల వాటా ఉందని ఒక సూచన.

డౌట్_ఉంది_సార్ | మంగళవారం, రాత్రి 10:55

తాతగారు బాగా చెప్పారు కానీ మెచ్చుకోళ్ళలో అసలు మాట పోతోంది.

అంకెలు పెట్టి చూద్దాం. క్రూడు పీకుల ఏరియాలు ఇవ్వు అని ప్రైవేటుగా అడిగితే ఇచ్చింది: 2-ఎంపీ 30, 3-ఎంపీ 26, 1-ఎంపీ 24, 9-ఎంపీ 32, ఫెనాంత్రీన్ 40. పైన 56 ఇంటూ 1.5 అంటే 84. కింద 40, 24, 32 కలిపితే 96. 84ని 96తో భాగిస్తే 0.875. సరే. దాన్ని రాయి ఎంత ముదిరిందో చెప్పే కొలత, విట్రినైట్ రిఫ్లెక్టెన్స్‌కి మార్చాలంటే 0.60తో గుణించి 0.40 కలపాలి, 0.925 వస్తుంది. షేల్‌కు అదే లెక్క వేస్తే 0.63.

ఇప్పుడు చెప్పండి. తల్లి 0.63, బిడ్డ 0.93. తల్లి కంటే బిడ్డ ముదురా?

నూనె తను పుట్టినప్పటి వేడిని మోసుకొస్తుంది. ఇంకా సరిగా ఉడకని రాయి నుంచి అంత ఉడికిన నూనె ఎట్లా వస్తుంది? పైగా ఆ మార్పిడి సూత్రం దాదాపు 0.65 నుంచి 1.35 దాకానే పనికొస్తుంది. 0.63 అన్నది హద్దు బయట. 1.35 దాటితే ఎంపీఐ తిరిగి తగ్గడం మొదలవుతుంది, అప్పుడు సూత్రం తిరగరాయాలి. ఇంకో సంగతి, ఈ లెక్క మొదట కట్టింది బొగ్గు జాతి సేంద్రియ పదార్థం మీద. సున్నపురాయి జాతి నూనె మీద వేస్తే అబద్ధం చెప్తుంది. అంకె వచ్చింది కదా అని నమ్మేస్తే మోసపోతాం.

వేయిస్తంభాల_పిల్ల | మంగళవారం, రాత్రి 11:10

అయ్యో. సార్ నవ్వు ఇందుకేనన్నమాట. బిడ్డ తల్లి కంటే ముదురు!

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ | బుధవారం, ఉదయం 6:15

నైట్ షిఫ్ట్ దిగి చదివిన. డౌట్ అన్నా మంచిగ చెప్పిండు కానీ నాకొక డౌట్. మా బొగ్గు కోకింగుకు పనికిరాదు, బాయిలర్లకే పోతది. అంటే ముదరలేదనే కదా లెక్క. కానీ అదే పొర ఇంకా లోతుకి పోయిన చోట ముదిరి ఉండొచ్చు కదా? పైన చూసిన బొగ్గే కింద కూడా ఉంటదా?

కాజీపేట_తాత | బుధవారం, ఉదయం 9:02

శభాష్ తమ్ముడూ. కాలేజీ పిల్లలకు తట్టనిది నీకు తట్టింది.

మ్యాపు తీసి చూడండి. ఆసిఫాబాద్, బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం. బొగ్గు గనులన్నీ ఒక వరసలో, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, గోదావరి వెంటే ఉంటాయి. అది ఊరికే కుదిరిన వరస కాదు. ప్రాణహిత-గోదావరి లోయ అంటే భూమి రెండు వైపులా చీలి మధ్యలో కుంగిన పొడవాటి కాలువ. దాదాపు 25 నుంచి 30 కోట్ల ఏళ్ళ కిందట, పర్మియన్ కాలంలో, అందులో గ్లాసాప్టెరిస్ అడవులు పూడిపోయి బొగ్గయ్యాయి. పూసగుచ్చినట్టు కొత్తగూడెం దాకా వచ్చిన ఆ కాలువ అక్కడ ఆగలేదు. కోస్తా మట్టి కింద దూరి సముద్రం వైపు సాగుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్ అడుగున పర్మియన్ బొగ్గు-షేల్ పొర ఉంది, కొమ్ముగూడెం ఫార్మేషన్ అంటారు. దాని పైనున్న మండపేట ఇసుకరాయిలో గ్యాస్ దొరికింది, ఆ గ్యాస్‌కు తల్లి కొమ్ముగూడెం అని చెప్తారు.

అంటే సింగరేణి బొగ్గుకీ కోస్తాకీ చుట్టరికం నిజంగానే ఉంది. కాకపోతే భూపాలపల్లి ముక్క తల్లి కాదు, తల్లికి ఇక్కడ ఉండిపోయిన చెల్లెలు. లేతగా ఉండిపోయింది. అసలు తల్లి ఎవరైనా ఉంటే కోస్తా కింద, చాలా లోతులో, ముదిరి ఉంటుంది. భూపాలపల్లి నుంచి కోనసీమ 300 కిలోమీటర్ల మాట. నూనె అంత దూరం పాకక్కర్లేదు.

అయినా అమ్మాయీ, ఇది నీ వయల్ గురించి ఇంకా ఏమీ చెప్పలేదు.

(పక్కదారి మాట ఒకటి. సింగరేణిలో బొగ్గు తవ్వకం మొదలైంది 1889. అస్సాంలో దిగ్బోయ్ దగ్గర ఆయిల్ పడింది కూడా 1889లోనే. భద్రాచలం పోయే యాత్రికులు ఇల్లెందు దగ్గర వంటకు పొయ్యి రాళ్ళు పెడితే రాళ్ళే అంటుకున్నాయని మా అమ్మమ్మ చెప్పేది. 1871లో జియలాజికల్ సర్వే నుంచి విలియం కింగ్ వచ్చి అది బొగ్గేనని తేల్చాడు.)

వర్ధన్నపేట_రైతుబిడ్డ | బుధవారం, మధ్యాహ్నం 1:17

సార్లు, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. ఆయిల్ గురించి మాట్లాడుతున్నారని మా తమ్ముడు లింకు పంపాడు. మా పొలంలో బోరు నీళ్ళ మీద పది రోజులుగా రంగురంగుల తెట్టు కడుతోంది. వాసన పెట్రోలులాగానే ఉంది. ఊళ్ళో అందరూ మీకు ఆయిల్ పడ్డది, ఓఎన్జీసీకి రాయి అంటున్నారు. పాతిక మంది వచ్చి ఫోన్లలో తీసుకుపోయారు. ఒకాయన అగ్గిపుల్ల గీసి చూద్దామన్నాడు, మా నాన్న వద్దన్నాడు. ఈ ఆరోమాటిక్ పరీక్ష చేస్తే తెలుస్తుందా?

డౌట్_ఉంది_సార్ | బుధవారం, మధ్యాహ్నం 1:40

మీ నాన్నగారికి దండం. అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి. ఆ నీళ్ళు తాగకండి, పశువులకూ పెట్టకండి. అందులో బెంజీన్ ఉండొచ్చు, అది క్యాన్సర్ తెచ్చే సరుకు.

వర్ధన్నపేట కింద ఉన్నది గ్రానైటు, నీసు. కరిగి గట్టిపడ్డ, నలిగిన పాత రాయి. అందులో నూనె పుట్టించే బురద ఎప్పుడూ లేదు. మీకు దగ్గర్లో పెట్రోలు బంకు ఏమైనా ఉందా? ఎంత దూరం?

వర్ధన్నపేట_రైతుబిడ్డ | బుధవారం, మధ్యాహ్నం 1:58

ఉంది సార్. రోడ్డుకు అవతల, రెండొందల గజాలు ఉంటుందేమో. పేరు చెప్పను, తెలిసినవాళ్ళే.

కరీంనగర్_టు_డూన్ | బుధవారం, సాయంత్రం 6:33

నేను డెహ్రాడూన్‌లో ఉంటున్నాను, ఇదే పని. రైతు అన్నయ్యకు ముందు చెప్తాను, తర్వాత చెల్లికి.

అన్నా, ఇది ఆరోమాటిక్స్‌తో ఇట్టే తేలుతుంది. పెట్రోలైతే బెంజీన్, టోలుయీన్, జైలీన్ల లాంటి తేలికవి కుప్పలుగా ఉంటాయి. భూమి లోపల నీళ్ళతో చాలాకాలం కలిసి ఉన్న నూనెలో ఆ తేలికవి ముందే నీళ్ళలో కరిగిపోయి తగ్గుతాయి. డీజిల్ అయితే నాఫ్తలీన్లు, ఫెనాంత్రీన్లు ఉంటాయి కానీ ట్రైఆరోమాటిక్ స్టెరాయిడ్లు దాదాపు ఉండవు, ఎందుకంటే రిఫైనరీలో డీజిల్ మరిగే హద్దు దగ్గరే కోసేస్తారు, అవి ఇంకా ఎక్కువ వేడికి గానీ లేవవు. క్రూడులో అన్నీ కలిసి ఉంటాయి. నీళ్ళు గాజు సీసాలో, గాలి లేకుండా అంచుదాకా నింపి, ఐసు పెట్టెలో పెట్టి కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళకు, భూగర్భజల శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి. మినరల్ వాటర్ ప్లాస్టిక్ బాటిల్లో పట్టుకెళ్ళకండి.

ఇక చెల్లీ. నీ ఆరోమాటిక్స్ ఇప్పటిదాకా చెప్పింది ఒకటే, "నేల మీది మొక్కలు, గంధకం తక్కువ." ఆ మాట కొమ్ముగూడెం బొగ్గుకు సరిపోతుంది, దాని తర్వాత ఎన్నో కోట్ల ఏళ్ళకు డెల్టాలో పూడిన వడపర్రు షేల్‌కు కూడా సరిపోతుంది. రెండూ నది తెచ్చిన సరుకే. రెటీన్ రెండింట్లోనూ రావచ్చు. ఒకే ఊరివాళ్ళు ఒకే యాస మాట్లాడతారు, అంతమాత్రాన ఒకే ఇంటివాళ్ళు కారు. డైబెంజోథయోఫీన్-ఫెనాంత్రీన్ నిష్పత్తిని శాచురేట్లలోని రెండు అణువుల నిష్పత్తి, ప్రిస్టేన్-ఫైటేన్‌తో కలిపి గీసే బొమ్మ ఒకటుంది, హ్యూస్ బృందం 1995లో వేసింది. అందులో కూడా ఈ రెండూ ఒకే గడిలో పడతాయి. ఆ గడి పర్యావరణం చెప్తుంది, వయసు చెప్పదు.

వయసు కావాలంటే పువ్వు వెతుకు. పూల మొక్కలు భూమ్మీద విస్తరించింది క్రెటేషియస్ కాలంలో. పర్మియన్ అడవిలో పువ్వే లేదు. పూల మొక్కల గుర్తు ఓలియనేన్. నీ శాచురేట్ భాగం పారేయలేదు కదా? ఎం/జెడ్ 191 చూడు. సీ30 (ముప్పై కార్బన్ల) హోపేన్‌కు సరిగ్గా ముందు, భుజం మీద చెయ్యి వేసినట్టు ఒక పీకు వస్తుంది. అది క్రూడులో ఉండి షేల్‌లో లేకపోతే నీ కథ తిరిగిపోతుంది.

వేయిస్తంభాల_పిల్ల | బుధవారం, సాయంత్రం 7:05

పారేయలేదు అక్కా! ఫ్రిజ్‌లో ఉంది. మెషీన్ స్లాట్ శుక్రవారం ఉంది. ప్రిస్టేన్-ఫైటేన్ క్రూడుకు మూడు దాటింది, అది ముందే చూశాను.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ | గురువారం, సాయంత్రం 5:10

పువ్వు కోసం నేను కూడా ఎదురుచూస్తున్న.

వేయిస్తంభాల_పిల్ల | శుక్రవారం, రాత్రి 8:27

ఉంది!!

క్రూడులో సీ30 హోపేన్ ముందు ఓలియనేన్ స్పష్టంగా, దాదాపు హోపేన్‌లో సగం ఎత్తున నిలబడింది. షేల్‌లో ఆ చోట గీత చదునుగా ఉంది. రెండు సార్లు రన్ చేశాను, మధ్యలో ఉత్త హెక్సేన్ పోసి బ్లాంక్ కూడా వేశాను. బ్లాంక్‌లో ఏమీ లేదు. వయల్ మూత లోపల రబ్బరు కాదు, టెఫ్లాన్ ముక్క ఉంది, అది కూడా చూశాను తాతగారూ.

అంటే నా క్రూడు పర్మియన్ బొగ్గుది కానేకాదు. పూల మొక్కల కాలపు షేల్‌ది. అంతే కదా?

డౌట్_ఉంది_సార్ | శుక్రవారం, రాత్రి 8:50

అంతే అనకు. తొందరపాటు పోలేదు నీకు.

పాత రాయిలో పుట్టిన నూనె పైకి పాకుతూ కుర్రరాళ్ళ గుండా వస్తుంది. దారిలో చెట్ల చెత్త ఉన్న పొర తగిలితే ఓలియనేన్‌ను కాస్త ఒంటికి అంటించుకొస్తుంది. మసాలా కొట్టు ముందు నుంచి నడిచి వస్తే చొక్కాకు ధనియాల వాసన పట్టినట్టు. అది నీ వంట కాదు.

కరీంనగర్_టు_డూన్ | శుక్రవారం, రాత్రి 9:31

డౌట్ గారి మాట నిజం, కానీ సగం ఎత్తు పీకు చొక్కాకు పట్టిన వాసన అంటే నాకు నమ్మకం తక్కువ. తేల్చుకోవడానికి మళ్ళీ ఆరోమాటిక్ భాగానికే వద్దాం. చెల్లీ, ఇప్పటికే ఉన్న ఫైల్‌లో ఎం/జెడ్ 231 తీయి. ట్రైఆరోమాటిక్ స్టెరాయిడ్లు. పక్కన 253, మోనోఆరోమాటిక్స్ (ఒకే ఆరోమాటిక్ ఉంగరం ఉన్నవి, వేడికి ట్రై అవుతాయి). క్రూడు, షేల్ రెండూ ఒకే కాగితం మీద వేసి, ఏం కనిపిస్తే అది చెప్పు. అర్థం చెప్పకు.

వేయిస్తంభాల_పిల్ల | శుక్రవారం, రాత్రి 10:44

అర్థం చెప్పనక్కా, ప్రామిస్.

231: క్రూడులో సీ26 నుంచి సీ28 దాకా ఐదు పీకుల గుంపు శుభ్రంగా ఉంది. షేల్‌లో నాయిస్ పైన చిన్న బుడిపెలు, అంతే. 253: క్రూడులో కొద్దిగా ఉంది. షేల్‌లో కూడా కొద్దిగానే, కానీ అందులో సీ29వే ఎక్కువ.

కాజీపేట_తాత | శనివారం, ఉదయం 6:40

231లో షేల్ ఖాళీగా ఉండటానికి రెండు కారణాలు ఉండొచ్చు, రెంటినీ రాసుకో. ఒకటి, అది లేత రాయి. మోనో నుంచి ట్రై కావడానికి వేడి చాలలేదు. రెండు, బొగ్గు జాతి రాయిలో స్టెరాయిడ్లే తక్కువ, ఉన్నవి కూడా నేల మొక్కలవి. సీ29 ఎక్కువ కావడం ఆ రెండో కారణం వైపే చూపిస్తోంది. 253లో కూడా తక్కువే ఉందన్నావు కాబట్టి, వేడి చాలక ట్రై కాలేదు అని సరిపెట్టుకోవడానికి లేదు. పూర్వం ఉన్న సరుకే తక్కువ.

క్రూడులో ఆ ఐదు పీకులు బలంగా ఉన్నాయంటే నేల మొక్కలతో పాటు నీటిలోని నాచు వాటా కూడా గట్టిగానే ఉంది. అట్లాంటి కలగలుపు నది సముద్రంలో కలిసే చోట దొరుకుతుంది. దారిలో అంటిన వాసన అయితే ఓలియనేన్ ఒక్కటే తేడాగా వచ్చేది, ఇన్ని రకాల తేడా ఒక దిక్కుకే రాదు.

నేను రిగ్గు మీద ఉన్నప్పుడు ఒకసారి కటింగ్స్‌లో (బోరు వేస్తుంటే పైకొచ్చే రాతి తునకల్లో) ఇట్లాగే అందమైన ఫెనాంత్రీన్లు, నాఫ్తలీన్లు వచ్చాయి. సోర్స్ రాక్ దొరికిందని రాత్రికి రాత్రి రిపోర్టు రాశాను. తెల్లారి మా సీనియర్ నన్ను మడ్ (బోరులో పోసే బురద ద్రవం) ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళి వాసన చూడమన్నాడు. పైపు ఇరుక్కుంటే వదులు చేయడానికి ముందు రోజు మడ్‌లో డీజిల్ పోశారు. ఆ రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరుంది. అందుకే ఎవరి ఉత్సాహం చూసినా నాకు ముందు మడ్ ట్యాంకే గుర్తొస్తుంది.

డౌట్_ఉంది_సార్ | శనివారం, ఉదయం 10:15

నాకు కూడా ఇప్పుడు పెద్దగా డౌట్ లేదు. ఒక్కటి మాత్రం. దీంతో తేలింది "ఈ షేల్ కాదు" అని. "ఫలానా షేల్" అని తేలలేదు. వడపర్రు అనాలంటే వడపర్రు కోర్ (బోరులోంచి నిలువుగా కోసి తీసిన రాయి) ముక్క ఇదే కాలమ్‌లో, ఇదే మెషీన్‌లో పెట్టి పక్కపక్కన చూడాలి. రాయి లేకుండా నూనె ఒక్కదాన్నే చూసి తల్లి పేరు చెప్పడం జాతకం చెప్పడమే. బయట వాన తిన్న రాయి కూడా పనికిరాదు, గాలికి ఆరోమాటిక్స్ పాడవుతాయి. కోరే కావాలి.

వర్ధన్నపేట_రైతుబిడ్డ | శనివారం, సాయంత్రం 4:22

సార్లు, మేడం, ఒక ముచ్చట. ఆఫీసు వాళ్ళు వచ్చి గాజు సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. రిపోర్టు ఇంకా రాలేదు. కానీ నిన్న బంకు వాళ్ళే తవ్వించారు. ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే పైపు జాయింటు దగ్గర మట్టంతా నల్లగా, తడిగా ఉంది. ప్రస్తుతానికి రోజుకో ట్యాంకరు నీళ్ళు పంపిస్తున్నారు. ఊళ్ళో మాత్రం ఓఎన్జీసీ వాళ్ళు ఎప్పుడొస్తారని ఇంకా అడుగుతూనే ఉన్నారు.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ | శనివారం, రాత్రి 9:50

నా రాయల్టీ పాయె.

వేయిస్తంభాల_పిల్ల | సోమవారం, సాయంత్రం 6:36

సార్‌కి అన్నీ చూపించాను. ఈసారి నవ్వలేదు. కూర్చోబెట్టి 191 బొమ్మ పది నిమిషాలు చూశారు. తర్వాత పెన్ను తీసుకుని ప్రాజెక్టు పేరులో "మూలం" అన్న మాట కొట్టేసి, పైన "పోలిక" అని రాశారు. "తల్లి" ఉన్న పేరా మొత్తం పోయింది.

ఇంకో సంగతి. ఆ వయల్ ఇచ్చిన స్నేహితుడికి సార్ ఫోన్ చేశారు. కోర్ ముక్కల కోసం ఎవరిని అడగాలో, లెటర్ ఎలా రాయాలో చెప్తానన్నారట. డూన్ అక్కా, ఆ లెటర్ డ్రాఫ్టు నీకు పంపితే ఒకసారి చూస్తావా? ఈసారి ఉత్సాహం తగ్గించి రాస్తాను.

గోదావరిఖని అన్నా, పేరులో "సింగరేణి" అలాగే ఉంది, ఎవరూ కొట్టలేదు.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్ | సోమవారం, రాత్రి 10:20

అది చాలు చెల్లె. ఈసారి రాళ్ళు కావాలంటే చెప్పు, పర్మిషన్ సంగతి మా ఆఫీసుల అడుగుత. ఫాయిల్ నువ్వే తెచ్చుకో.